ప్రశ్న ఉత్పన్నం కాదు

శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల కూడలికి కాస్త లోపలగా
పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఆఫీసు మేడమీద
శాసనసభ జరిగే రోజుల్లో నా పని
సర్కారువారికి జవాబులు రాసివ్వడం.
కాగితానికి ఎడమవైపు ప్రశ్న. కుడివైపు నేను.

అ) నేరేడువలస గెడ్డ మీద కాజ్‌వే కొట్టుకుపోయిన మాట వాస్తవమేనా?
    అవునండీ.
ఆ) వానాకాలంలో పిల్లలు బడికి వెళ్లలేకపోతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా?
    లేదండీ.
ఇ) వస్తే, తీసుకున్న చర్యలేమిటి?
    ప్రశ్న ఉత్పన్నం కాదు.

పదకొండేళ్లుగా రాస్తున్నాను ఆ మాటలే.
చెయ్యి తిరిగిపోయింది.
ఇంట్లో మా ఆవిడ "ఉప్పు సరిపోయిందా?" అంటే
నోటిదాకా వచ్చి ఆగుతాయి.

ఈసారి తవిటమ్మ వచ్చింది ఆఫీసుకి.
బడిలో వంట చేస్తుంది. కుచ్చెళ్లకి ఇంకా ఎండని బురద.
"మా ప్రెశ్న ఇయ్యాల అడుగుతారట కదా బాబూ, సూపించు."
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
నిలబడే చూసింది నా ఫోనులో సభ.

మాది నాలుగో ప్రశ్న.
మొదటిదానికే నలభై నిమిషాలు.
రెండోదానికి మంత్రిగారు రాలేదు.
మూడోది నడుస్తుండగా మా సభ్యుడు లేచి
సంచీలోంచి ఒక సీసా తీసి, మూత విప్పి, పైకెత్తాడు.
ఎర్రగా, అడుగున ఒండ్రు పేరుకున్న గెడ్డనీళ్లు.
తవిటమ్మ నా ఫోను దగ్గరికి లాక్కుంది.

అవతలినుంచి ఒకాయన: పాయింట్ ఆఫ్ ఆర్డర్ అధ్యక్షా,
సభలోకి వస్తువులు తేవచ్చునా?
ఇవతలినుంచి ఇంకొకాయన: నీళ్లు వస్తువా అధ్యక్షా?
నవ్వులు. బల్లల చప్పుడు.
అధ్యక్షులవారు కళ్లజోడు సర్దుకుని
పుస్తకంలో నాలుగు పేజీలు తిప్పి
రూలింగ్ ఇచ్చారు:
సీసాలో ఉన్నంతసేపూ నీళ్లు వస్తువే.
మార్షల్ వచ్చి పట్టుకెళ్లాడు
తొణకకుండా, రెండు చేతులా.

గంట మోగింది.
మిగిలిన ప్రశ్నలకు జవాబులు చెప్పినట్టుగా భావించడమైనది.

"ఏటన్నారు?"
చెప్పేసినట్టేనట, అన్నాను.
"ఎవులికి?"

ఆ గెడ్డ నాకు తెలుసు.
నిరుడు శ్రావణంలో కొలతలు తీయడానికి వెళ్లి
దాటలేక ఒడ్డునే ఉండిపోయాను.
అక్కడొక బండ, దాని మీద మూడు సున్నం గీతలు.
మొదటి గీత తడిస్తే పిల్లలు తాడు పట్టుకు దాటాలి.
రెండోది తడిస్తే పెద్దవాళ్ల భుజాల మీద.
మూడోది మునిగితే తవిటమ్మ
చెంగు బొడ్లో దోపి కేకేస్తుంది:
"ఇయ్యాల బడి నేదు, ఎల్లిపోండి!"
అంతే, సభ వాయిదా.
ఏ నియమం కింద అని ఎవరూ లేవరు.

ఆ రోజు మాత్రం దాలినాయుడి మనవడు లేచాడు.
గీత తడిసింది గాని మునగలేదు కదా, అని.
వాడికి ఆ రోజు గుడ్డు పెట్టే రోజు.
ఆమె వంగి, బండకి అరచెయ్యి ఆనించి
నీళ్లు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో చాలాసేపు చూసింది.
"తడిసినా మునిగినట్టేరా."
వాడు సంచీ భుజం మార్చుకుని ఇంటికెళ్లాడు.
నేను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు ఫోను కూడా జేబులో పెట్టాను.
ఆమె గుమ్మందాకా వెళ్లి ఆగింది.
"బాబూ, ఆ సీసా తిరిగిచ్చీమని రాయి.
బడి నూని సీసా అది.
అట్టుకెల్లినప్పుడు ఇచ్చెస్తామన్నారు."

రాశాను, ఎడమవైపు, ఆమె అన్నది అన్నట్టుగానే.
సాయంత్రం ఐదున్నర. అందరూ వెళ్లిపోయారు.
ఫ్యాను గాలికి
కుడివైపు తెల్లకాగితం లేచి లేచి పడుతోంది.
దాని మీద బరువు పెట్టబుద్ధి కాలేదు.